పక్క సాలు

ఫొటో తెరుచుకోగానే యమున కళ్ళు ముందు చీలిన బండ దగ్గరికే పోయాయి. బండ అక్కడే ఉంది. దాని పక్కన గులకరాళ్ళు పేర్చిన గూడు, గూట్లో బోర్లా పడుకున్న పక్షి. దాని నల్లటి వీపు మీద పలచగా మంచు. యమున మౌస్ జరిపి ఆ వీపు మీద ఆకుపచ్చ చుక్క పెట్టింది.

"ఉన్నదా మనది?" అని పక్క కుర్చీలోంచి స్రవంతి అడిగింది.

యమున తలూపింది.

"నోరు తెరిస్తె ముత్యాలు రాలుతయానే? చెప్పరాదు."

"ఉన్నదక్కా."

"కూసున్నదా, లేచిందా?"

"కూసున్నది."

"పాపం, దాని మొగడు ఇంక సముద్రం కాడికెల్లి రానట్టుంది," అంటూ స్రవంతి తన స్క్రీను మీద అదే పక్షికి తానూ చుక్క పెట్టింది. అదే ఫొటో ఆమెకూ వచ్చింది. ఆ గదిలో ఒకే ఫొటో ఒకే వరుసలో అందరికీ వచ్చేది. ఎందుకలా పంపుతారో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

భూమికి అడుగున, మంచుఖండం అంచున, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు అది. దాని అసలు పేరు స్క్రీను పైమూలన ఇంగ్లీషులో ఉంటుంది కానీ ఆఫీసులో ఎవరూ ఆ పేరు పలకరు. గుట్ట అంటారు. గుట్ట మీద మనుషులు లేరు, చెట్లు లేవు. అక్కడ ఎండాకాలం రాగానే వేలకొద్దీ పెంగ్విన్లు నీళ్ళలోంచి ఎక్కివచ్చి, రాళ్ళేరి గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. ఎవరో పరిశోధన చేసేవాళ్ళు ఒక రాతికి కెమెరా బిగించి వెళ్ళారు. అది గంటకో ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలు వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న ఈ గదికి వస్తాయి. పెద్ద పక్షి కనబడితే ఆకుపచ్చ చుక్క, పిల్ల కనబడితే ఎర్ర చుక్క, గుడ్డు కనబడితే పసుపు చుక్క. కనబడిందే పెట్టాలి. ఉంటుందనుకున్నది పెట్టకూడదు. ఫొటోలు ముందే తీసిపెట్టినవి కాబట్టి ఇక్కడ ఒక్కరోజు పనిలో అక్కడ చాలా రోజులు గడిచిపోయేవి.

గదిలో ఏసీ ఎప్పుడూ గట్టిగా తిరుగుతుంది. మిషన్లకు చల్లదనం కావాలని సెంటర్ నడిపే ఓంప్రకాశ్ సార్ అంటాడు. బయట చౌరస్తాలో జనం ఫిబ్రవరి ఎండకే చెరుకురసం బండి చుట్టూ మూగుతుంటే, లోపల ఆడపిల్లలు చున్నీలు చెవులకు చుట్టుకుని కూర్చుంటారు. స్రవంతి ఇంటి నుంచి ఒక గోధుమరంగు శాలువా తెచ్చి కుర్చీకే వదిలేసింది. పొద్దున రాగానే కప్పుకుంటుంది, పోయేటప్పుడు కుర్చీ వీపు మీద వేస్తుంది.

"అగో, దొంగది! దొంగది సూడు," అని స్రవంతి కుర్చీ జరిపింది.

గూటి వెనక నుంచి ఇంకో పక్షి మెడ సాచి ఉంది. తరువాతి ఫొటోలో దాని ముక్కున రాయి. ఆ తరువాతి ఫొటోలో అది తన గూట్లో ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అచ్చం మా తోడికోడలు. వంటింట్లకు ఉత్త చేతులతోని వస్తది, పోయేటప్పుడు కొంగు కింద ఏదో ఒకటి ఉంటది."

యమున నవ్వింది. నవ్వుతూ పక్కకు చూసేసరికి స్రవంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేస్తోంది. కుర్చీ వెనక్కి జారి గోడకు కొట్టుకుంది. మెట్ల మలుపులో ఉన్న బాత్రూం తలుపు దభాలున పడింది.

స్రవంతి స్క్రీను మూలన పచ్చగీత ఉంది. చెయ్యి ఆగితే అది కాసేపటికి పసుపుగా మారుతుంది. ఇంకాసేపు ఆగితే ఎర్రబడుతుంది. ఎర్రబడితే అద్దాల గదిలో కూర్చున్న ఓంప్రకాశ్ ఫోను టింగుమంటుంది. యమున ఆ గీత పసుపు కావడం చూసింది. తన కుర్చీని కాలితో కొంచెం పక్కకు నెట్టి, ఎడమ చేత్తో స్రవంతి మౌస్ అందుకుంది. తన స్క్రీను మీద ఎక్కడెక్కడ చుక్కలు పెట్టిందో అక్కడక్కడే ఇక్కడా పెట్టి కింది బటన్ నొక్కింది. గీత పచ్చబడింది. ఎడమచేయి కొత్త కాబట్టి ముందు తడబడింది, తరువాత అలవాటైంది.

ఎందుకు చేస్తున్నానని ఆమె ఆలోచించలేదు. మిరపచేన్లో లాగే, పక్క సాలులో మనిషి వెనకబడింది, అంతే.

స్రవంతి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, చెవుల పక్కన వెంట్రుకలు తడిగా అంటుకుని ఉన్నాయి. తన స్క్రీను చూసుకుంది, యమునను చూసింది. శాలువా కప్పుకుని కూర్చుని చుక్కలు పెట్టసాగింది.

"ఎవలకు చెప్పకు," అంది చివరికి, స్క్రీను మీది నుంచి కళ్ళు తిప్పకుండానే.

"ఎన్నో నెలక్కా?"

"మూడు పడ్డది."

"సార్‌కు చెప్తె జర పని తగ్గిస్తడేమో."

స్రవంతి ముక్కుతో నవ్వింది. "విజయలక్ష్మక్కకు గట్లనే తగ్గిచ్చిండు. కడుపు కనబడంగనే కింద దుకాణంలకెల్లి జాకెట్ ముక్క తెప్పిచ్చి, అరటిపండ్లు చేతుల వెట్టి, 'రెస్టు తీసుకో అమ్మా, కాన్పయినంక రా' అని మెట్ల దాక వచ్చి తోలిండు. ఆమె కొడుకు ఇప్పుడు నడుస్తాండు. ఫోను చేస్తె సారు ఎత్తడు. నువ్వు కూసున్నది ఆమె కుర్చీలనే."

యమున కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"నాకు ఆర్నెల్లు పడేదాక ఇక్కడ కూసుంటె చాలు," అంది స్రవంతి. "పనికి పోతాన్న కాబట్టి మా అత్త ఏమంటలేదు. పని పోయిందనుకో, తెల్లారే పరకాలకు తోలుతది, మా అన్న ఇంటికి. నన్ను కన్న అవ్వ ఉంటె పోదును. అవ్వ లేని ఇంట్ల వదినె ముందట మూడో నెలకెల్లి కూసునుడు నాతోని కాదే."

ఆ పూట స్రవంతి ఇంకా కొన్నిసార్లు లేచి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ యమున ఎడమచేయి పక్కకు సాగింది.

సాయంత్రం ఇద్దరూ స్టేషన్ దాకా కలిసి నడిచారు. స్రవంతి ఇల్లు స్టేషన్ అవతల శివనగర్‌లో. యమున నెక్కొండ పోయే రైలెక్కాలి. అండర్ బ్రిడ్జి దగ్గర విడిపోయేముందు స్రవంతి బండి మీద పచ్చి చింతకాయలు కొని, పొట్లంలో సగం యమున చేతిలో పోసింది.

"తిను. పక్షులు తినయి గని మనం తినొద్దా," అంది.

ఆ వారమంతా అట్లాగే నడిచింది. ఆదివారం యమున తన తల్లి యాకమ్మ వెంట మిరపకాయ ఏరడానికి పోయింది. సెలవు రోజు ఇంట్లో కూర్చుంటే యాకమ్మకు నచ్చదు. తొలి ఏరుడు అయిపోయిన చేను, రెండో కాపు ఎర్రగా దిగింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు. అందరి తలలూ ఒక్క తీరుగా ముందుకు జరగాలి. గట్టు మీద మేస్త్రి సారయ్య గొడుగేసుకుని నిలబడి తలల వరుస చూస్తుంటాడు. వరుసలోంచి వెనకబడిన మనిషిని మరునాడు పిలవడు.

యాకమ్మ పక్క సాలు సమ్మమ్మది. సమ్మమ్మకు మోకాళ్ళు వాచాయి, వంగితే లేవలేకపోతోంది. యాకమ్మ తన చెట్టు ఏరి, మాట ఆపకుండానే చెయ్యి పక్కకు చాచి సమ్మమ్మ చెట్టు సగం ఏరి, కాయలు సమ్మమ్మ గంపలోనే వేస్తోంది. అవతలి సాలులో ఉన్న ఆమె మిగతా సగం ఏరుతోంది. సమ్మమ్మ కర్ర పట్టుకున్నట్టు చెట్టు పట్టుకుని మెల్లగా ముందుకు జరుగుతోంది. దూరం నుంచి చూస్తే మూడు తలలూ ఒకే వరుసలో ఉన్నాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

"నీ బిడ్డ ఏం పని చేస్తాందే పట్నంల?" అని సమ్మమ్మ అడిగింది.

"పక్షులను లెక్కవెడతదట," అంది యాకమ్మ.

"కోళ్ళ ఫారమా?"

"కాదంట. యాడనో మంచుల ఉంటయట. ఫొటోల లెక్కవెట్టాలెనట."

"ఫొటోల ఉన్నయి యాడికి ఉరుకుతయే, లెక్కవెట్టుటానికి?"

అందరూ నవ్వారు. యమున కూడా నవ్వింది. చెమట కళ్ళలోకి కారితే మోచేత్తో తుడుచుకుంది. మిరపకాయల చేతులతో ముఖం ముట్టుకోకూడదు.

"ఎవనియే ఆ పక్షులు?" అని యాకమ్మ కాసేపాగి అడిగింది. "లెక్క తప్పితె నీ మీదికి వస్తదా?"

"తప్పదవ్వా. నేను మంచిగనే చూస్తాన్న."

సోమవారం పొద్దున ఓంప్రకాశ్ ఎప్పటిలాగే అగర్‌బత్తి వెలిగించి కంప్యూటర్ల ముందు తిప్పాడు. కింద దుకాణంలో వాళ్ళ నాన్న గల్లాపెట్టె ముందు తిప్పినట్టే. తరువాత అద్దాల గదిలోకి పోయి ఫోను చూసుకుని, మళ్ళీ బయటకు వచ్చాడు.

"స్రవంతీ, యమునా. జర ఇట్ల రాండ్రమ్మా."

లోపల రెండే కుర్చీలు. ఒకటి ఆయనది. ఇంకోదానిలో ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు. ఆయన స్క్రీను వాళ్ళ వైపు తిప్పాడు. గుట్ట ఫొటో ఒకటి ఎడమ పక్క, అదే ఫొటో కుడి పక్క. ఒకదాని మీద యమున పేరు, ఒకదాని మీద స్రవంతి పేరు. చుక్కలన్నీ ఒక్క చోటే.

"ఫొటోలిచ్చే కంపెనీ వాళ్ళు పంపిన్రు. ఇసొంటియి మస్తుగ ఉన్నయట. చుక్క మీద చుక్క. వెంట్రుక మందం ఫరక్ లేదు."

"ఇద్దరం మంచిగ చూసినం సార్, అందుకే ఒక్కతీరుగ వచ్చినయి," అంది స్రవంతి.

"మంచిగ చూస్తె ఇట్ల రాదమ్మా. ఒక్క ఫొటోను అంత మందికి ఎందుకు పంపుతరు? ఎవలకు వాళ్ళు చూడాలెనని. ఒకల కండ్లు మోసపోతె ఇంకొకల కండ్లు పట్టుకోవాలెనని. మీరిద్దరు ఒక్కటే కండ్లు వెట్టుకుంటె ఇగ ఇద్దరెందుకు? దీన్ని వాళ్ళు దొంగతనం అంటరు." ఆయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "ఎవలు ఎవలది చూసి కొట్టిన్రు? చెప్తె వాళ్ళ ఒక్కలతోనే పోతది. చెప్పకపోతె రెండు ఐడీలు బంద్ అయితయి."

స్రవంతి శాలువా అంచును వేలికి చుట్టి విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఇంకాసేపు నిలబెడితే ఇక్కడే కక్కుకుంటుందని యమునకు అర్థమైంది.

బడిలో పేరు పిలిస్తే కూడా యమున లేచి నిలబడేదే కానీ 'ప్రెజెంట్' అని బయటకు అనేది కాదు. ఇప్పుడు మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్క ఏం చెయ్యలే సార్. చూసి కొట్టలే. అవన్ని నేనే పెట్టిన. అక్క లేచి పోయినప్పుడు ఆమెది కూడ నేనే చేసిన. నాకు ఇట్ల చెయ్యొద్దని తెల్వది. తప్పు నాదే, అక్కది ఏం లేదు."

అంత పొడుగు మాట ఆ ఆఫీసులో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడాక గుండె తేలికపడింది. పోతే నేనే పోతాను, అనుకుంది.

ఓంప్రకాశ్ యమున వైపు చూడనే లేదు.

"లేచి ఎటు పోయినవమ్మా, అన్నిసార్లు?" అని స్రవంతిని అడిగాడు.

స్రవంతి శాలువా ముందుకు లాక్కుంది. ఆయన చూపు ఒక్కసారి కిందికి దిగి పైకి వచ్చింది.

"ఎన్నో నెల?" అన్నాడు, చాలా మెత్తగా.

ఆ తరువాత అంతా తొందరగా జరిగిపోయింది. ఆయన కిందికి ఫోను చేశాడు. ముందు గదిలో కూర్చునే రమ్య పోయి బట్టల దుకాణంలోంచి చిలకపచ్చ జాకెట్ ముక్క, ఎదురు బండి మీద నుంచి అరటిపండ్లు, కుంకుమ పొట్లం తెచ్చింది. రమ్యే బొట్టు పెట్టింది. ఓంప్రకాశ్ రెండు చేతులా కవర్ అందించాడు.

"మొదటి కాన్పు. పానం జాగ్రత్త అమ్మా. దవాఖానకు టైంకు పో. ఇక్కడి ఫికర్ వెట్టుకోకు. కాన్పయినంక రా, నీ కుర్చీ నీకే ఉంటది."

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. స్రవంతి నవ్వుముఖం పెట్టి అందరికీ చెప్పి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. యమున మెట్ల దాకా వెంట పోయింది. మలుపు దగ్గర, బాత్రూం తలుపు ముందు స్రవంతి ఆగింది.

"నేను ఏదో ఒకటి చెప్పి ఒడ్డెక్కుదును," అంది. "ఎలుతురు తక్కువున్నదనో, కండ్లు గుంజుతాన్నయనో. కొత్త మౌస్ అడుగుదును. ఏదో ఒకటి."

యమున గోడకు ఆనుకుంది.

"మాట్లాడవు, మాట్లాడవు అని మొత్తుకున్న. మాట్లాడితివి."

కవర్ చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగిపోయింది. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఓంప్రకాశ్ యమున వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఇద్దరి పని ఒక్కదానివే చేసినవు గదా ఇన్ని దినాలు. ఒక్క తప్పు లేకుంట చేసినవు. అంటె నీతోని అయితది." స్రవంతి కుర్చీని పక్కకు లాగి, రెండు స్క్రీన్ల మధ్యలోకి యమున కుర్చీ జరిపించాడు. "కంపెనీకి నేనేం చెప్పలే. మందలిచ్చిన, ఇంకోసారి చెయ్యరు అని రాసిన. స్రవంతి ఐడీ గట్లనే నడవాలె. ఐడీ తగ్గితె మనకచ్చే ఫొటోలు తగ్గుతయి. రెండు నువ్వే చూసుకో."

యమున ఆయన వైపు చూసింది.

"ఐతె చుక్క మీద చుక్క పడొద్దు. ఒక్కదాంట్ల సరిగ్గ చెయ్యి, ఇంకోదాంట్ల జర అటు ఇటు చెయ్యి. ఒక దగ్గర పిల్లను వదిలెయ్, ఒక దగ్గర పెద్దదాన్ని వదిలెయ్. మనిషి కండ్లు గదా, తప్పుతయి. ఎవలకేం నష్టం? పక్షులు అచ్చి అడుగుతయా?"

పొద్దున ఇది దొంగతనం. అన్నం తినేలోపు పని అయింది. ఆ మాట యమున గొంతు దాకా వచ్చి ఆగింది. పొద్దున ఒకసారి నోరు తెరిచి ఏమయిందో చూసింది. తలూపింది.

ఆ వారం చీలిన బండ పక్క గూట్లో పిల్లలయ్యాయి. ముందు పెద్దపక్షి పొట్ట కింద బూడిదరంగు ముద్ద ఒకటి కనబడింది. తరువాతి ఫొటోలో ఇంకొకటి. యమున స్రవంతి కుర్చీ వైపు తిరిగి, ఖాళీ కుర్చీ చూసి మళ్ళీ ఇటు తిరిగింది. తన స్క్రీను మీద ఆకుపచ్చ చుక్క పెట్టింది, రెండు ఎర్ర చుక్కలు పెట్టింది. పక్క స్క్రీనుకు చెయ్యి సాచింది. అక్కడ ఒక పిల్లను వదిలెయ్యాలి.

స్క్రీను పైన స్రవంతి పేరు ఉంది. దాని కింద పిల్ల స్పష్టంగా ఉంది. ముక్కు పైకెత్తి తల్లి నోటి కోసం చూస్తోంది. బాణం గుర్తును దాని మీద ఉంచి యమున అట్లాగే కూర్చుంది. గీత పసుపు అయింది. ఈ పేరు మీద తప్పు పెట్టడం ఆమె చేత కాలేదు. రెండు ఎర్ర చుక్కలూ పెట్టి పంపేసింది. తరువాత తన స్క్రీనుకు తిరిగి, తాను పెట్టిన ఎర్ర చుక్కల్లో ఒకటి చెరిపేసింది.

అప్పటి నుంచీ అదే వరుస. స్రవంతి పేరు మీద ఉన్నది ఉన్నట్టు. తన పేరు మీద అటు ఇటు. గుట్ట మీద ఒకనాడు మంచు విపరీతంగా కురిసింది. ఫొటో అంతా తెల్లగా ఉంది. దగ్గరికి లాగి చూస్తే తెలుపులోంచి నల్లటి తలలు మాత్రం పైకి ఉన్నాయి. గూళ్ళు మునిగిపోయినా పక్షులు లేవలేదు. స్రవంతి పేరు మీద యమున ఒక్కొక్క తలనూ వెతికి చుక్క పెట్టింది. తన పేరు మీద చాలా తలలు వదిలేసి పంపింది. సరిగ్గా చూడటం కన్నా తప్పుగా చూడటమే కష్టంగా ఉంది. ఉన్నదాన్ని లేదనడానికి ముందు దాన్ని బాగా చూడాలి.

మంచు కరిగాక చీలిన బండ పక్కన రెండు పిల్లలూ బతికే ఉన్నాయి. ఫోను తీసి స్రవంతికి చెప్పాలనుకుంది. రింగు పోయింది, ఎత్తలేదు. మరునాడూ అంతే.

శుక్రవారం సాయంత్రం శాలువా మడతపెట్టి సంచిలో వేసుకుని అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ పోయింది. ఇల్లు అడిగి పట్టుకుంది. గడప ముందు స్రవంతి అత్త చేటలో బియ్యం చెరుగుతోంది.

"నువ్వేనా పక్కన కూసునే పిల్లవు? నెక్కొండ కెల్లి వస్తవట గదా," అంది. కూర్చోమనలేదు. "పరకాలకు తోలినం. అన్న వచ్చి తీస్కపోయిండు. పోనంటె పోనని ఒకటే ఏడుపు. ఇంట్ల ఉత్తగ కూసుని ఏం చేస్తది? అక్కడ జర ఎన్కముందు చూసేటోళ్ళు ఉంటరు."

యమున శాలువా తీసి చాపింది. "అక్కది. ఆఫీసుల ఉండె."

అత్త శాలువాను చూసింది కానీ చేట కింద పెట్టలేదు. "ఇంటికెందుకు తెచ్చినవు బిడ్డా? కుర్చీకే ఉండనీ. కాన్పయినంక అక్కడికే వస్తది గదా. మీ సారు ఎంత మంచోడు, జాకెట్ ముక్క వెట్టి పంపిండు. కుర్చీ ఉంచుత అన్నడట."

చేటలో బియ్యం ఎగిరి పడుతున్నాయి. యమున శాలువాను మళ్ళీ మడతపెట్టుకుంది. రైలు వెళ్ళిపోతుందని చెప్పి బయటకు వచ్చింది.

సోమవారం ఓంప్రకాశ్ అగర్‌బత్తి తిప్పడం కూడా మరిచిపోయి ఫోను పట్టుకుని వచ్చాడు.

"అందరు జర ఇటు చూడాలె. మన సెంటర్లకెల్లి ఒక ఐడీకి కంపెనీ సర్టిఫికెట్ పంపింది. మన తీరు సెంటర్లు ఎన్నో ఉన్నయి, అన్నిట్ల మనదే ఫస్టు."

ఎవరిదని రమ్య అడిగింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు.

"స్రవంతిది."

చివరి కుర్చీలో ఒక అమ్మాయి పక్కనున్న అమ్మాయిని మోచేత్తో పొడిచింది. ఓంప్రకాశ్ సర్టిఫికెట్ రంగుల్లో ప్రింటు తీయించి, గోడ మీద దేవుడి క్యాలెండర్ పక్కన అంటించాడు. కొండముక్కు బొమ్మ, దాని మీద వరుసగా పెంగ్విన్లు, మధ్యలో బంగారు అక్షరాల్లో పేరు. యమున దాన్ని కూర్చున్నచోటు నుంచే చదివింది. మూతి మీదికి నవ్వు వచ్చింది. కిందికి చూసి దాచుకుంది. ఈ ఒక్కటి ఫొటో తీసి పంపితే స్రవంతక్క ఫోను ఎత్తుతుంది, అనుకుంది.

"నువ్వు లోపటికి రా," అన్నాడు ఓంప్రకాశ్.

అద్దాల గదిలో స్క్రీను మీద యమున పేరు ఎర్రగా ఉంది.

"అటు ఇటు చెయ్యమంటె నీ దాంట్లనే చేసుకున్నవా? పిచ్చిదానివా ఏంది? మార్కులు గంత కిందికి పడ్డంక వాళ్ళు ఉంచుతరా? ఐడీ బంద్ చేసిన్రు."

యమున నిలబడే ఉంది. ఊహించిందే. సంచి ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంది. మధ్యాహ్నం రైలు ఉంది. రేపటి నుంచి అవ్వ పక్క సాలు పట్టుకోవచ్చు. భయం వేయలేదు.

"అగో, ముఖం గట్ల వెడతవేంది? నిన్ను పొమ్మన్ననా?" ఆయన నవ్వాడు. "నువ్వు లేకపోతె ఆ సర్టిఫికెట్ ఏడికెల్లి వస్తది? నాకు తెల్వదా. స్రవంతి ఐడీల కూసో. అది ఇప్పుడు మన సెంటర్ల నంబర్ వన్ ఐడీ. కంపెనీకి మన ముఖాలు తెల్వయి, పేరే తెలుసు. ఇగ నువ్వే స్రవంతివి."

"అక్క వస్తె, సార్?"

"ఎవలు?"

"స్రవంతక్క. కాన్పయినంక."

ఆయన ఫోను మోగింది. ఎత్తుతూ, "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం తియ్యి," అన్నాడు. "నీ కుర్చీల రేపటికెల్లి నవ్య అని కొత్త పిల్ల వస్తది. కొత్త ఐడీ ఇస్తరట. జర నువ్వే నేర్పియ్యాలె."

సంచి ఎక్కడుందో ఆమెకు తెలుసు. కుర్చీల వెనక కొక్కేనికి ఉంది. అక్కడి దాకా నడిచింది. సంచిలో శాలువా ఉంది. దాన్ని తీసింది. ఏసీ గాలి సరిగ్గా ఆ మూలకే కొడుతోంది. తలుపు అక్కడికి నాలుగడుగులే. తల్లి రేపు సారయ్యను అడగాలి, సారయ్య ఇంకో మనిషికి సాలు ఉందో లేదో చెప్పాలి. ఆమె తలుపు వైపు చూసింది. రమ్య ఆమెను చూస్తోంది. యమున స్రవంతి కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. శాలువా భుజాల మీద కప్పుకుంది. అది ఇంకా స్రవంతి తలనూనె వాసన వేస్తోంది.

స్క్రీను తెరుచుకుంది. పైన ఇంగ్లీషులో, 'వెల్‌కమ్ స్రవంతి' అని వచ్చి పోయింది.

గుట్ట మీద ఎండ కాస్తోంది. పిల్లలు పెరిగి గూళ్ళు వదిలేశాయి. దూరంగా ఒకదాన్నొకటి ఆనుకుని గుంపుగా నిలబడ్డాయి. వాటిలో చీలిన బండ పక్కవి ఏవో చెప్పడానికి లేదు. బండ పక్కన గూడు ఖాళీగా ఉంది. పక్క గూటి పక్షి ఒకటి వచ్చి అందులోనే నిలబడి, ఒక రాయి ముక్కున పట్టుకుని ఉంది.

యమున దాన్ని చూస్తూ కూర్చుంది. మూలన గీత పసుపు అయింది. ఎర్రబడకముందే ఆ పక్షి మీద ఆకుపచ్చ చుక్క పెట్టి, తరువాతి ఫొటో తెరిచింది.